పరదా అవతల అక్క, ఇవతల నేను

శుక్రవారం పొద్దున ఆరున్నర ప్యాసింజర్‌కు మా అక్క అనసూయ, నేను జడ్చర్లలో ఎక్కాం. రెండు రోజులు హైదరాబాద్ పాతబస్తీ చూసుకొని శనివారం సాయంత్రం బండికి తిరిగి రావాలన్నది మా ఏర్పాటు. మా వెనక ఎవరైనా ఇదే దారి పట్టదలిస్తే మొదటే చెప్తున్నాను, శుక్రవారం మాత్రం వెళ్లకండి. చెవులు సరిగా వినపడని మనిషితో వెళ్లేవాళ్లు గొంతుకు మిరియాల పాలు కూడా వెంట పెట్టుకోండి.

నేను కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌ని. బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. అక్కడి నుంచి నా చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే. సాయంత్రం స్తంభం దిగితే సరాసరి అక్కడికే పోతాను. తలుపులు మూసే ముందు బల్ల మీద గంట కొడతారే, ఆ గంట విననిదే నేను లేచిన రోజు లేదు. ఈ ప్రయాణం ఖాయమైన నాటి నుంచి కుతుబ్ షాహీల చరిత్ర రెండు సార్లు, నిజాముల కట్టడాల మీద ఒక లావు పుస్తకం ఒకసారి చదివాను. ఏ మసీదు ఎవరు మొదలుపెట్టారో, ఏ వంతెన ఎందుకు కట్టారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. నాకొక గుణం ఉంది. ఎవరైనా తప్పు చెప్తే సరిదిద్దకుండా ఉండలేను. పత్రికలు చదవడానికి వచ్చే పెద్దమనుషులు నన్ను చూసి వేరే బల్లకు మారతారు. మారితే మారనీ.

అక్కకు ఈ కట్టడాలతో పని లేదు. ఆమె పని వేరే. అయిదేండ్ల కింద ఆమెకు కుడి చెవి పోయింది. ఈ ఎండాకాలం ఎడమ చెవి కూడా తగ్గుతూ వచ్చింది. మహబూబ్‌నగర్ డాక్టర్ చూసి, ఇది కూడా పోతుంది, దీనికి మందు లేదు అన్నాడు. ఆ మాట నేనే ఆమె చెవి దగ్గర అరిచి చెప్పాల్సి వచ్చింది. ఇంటికి వచ్చి బియ్యం కడుగుతూ కడుగుతూ అన్నది:

"తమ్మీ, ఇది గూడ మూతవడక ముందు చాంద్ పాట ఒక్కసారి ఇనాలె. నన్ను తోల్కపో."

చాంద్ అంటే చాంద్ బీ, అక్క చిన్నప్పటి స్నేహితురాలు. అప్పుడు మేము పాతబస్తీలోనే, మొఘల్‌పురాలో ఉండేవాళ్లం. బాపు గోలీసోడా కార్ఖానాలో పని చేసేవాడు. పక్కింట్లో చాంద్ వాళ్లు. వాళ్ల నాయన మిఠాయిల మీద అద్దే వెండి వరఖ్ కొట్టేవాడు. పొద్దస్తమానం సుత్తె చప్పుడు. ఆ దెబ్బకు తాళం వేసుకుంటూ ఇద్దరు పిల్లలు ఢోలక్ నేర్చారు. పెండ్లిండ్లలో ఆడవాళ్లు కూర్చొని ఢోలక్ కొడుతూ వియ్యపురాళ్లను ఆటపట్టించే పాటలు పాడతారు కదా, ఆ పాటలకు ఆ గల్లీలో వీళ్లిద్దరినే పిలిచేవారట. కార్ఖానా మూతపడి మేము జడ్చర్ల వచ్చేసరికి అక్కకు పదమూడు, నాకు నాలుగు. మళ్లీ వాళ్లు కలవలేదు. పాతికేండ్లు దాటింది.

"మీ తమ్ముడు నర్సిం ఎంబడి పోతే నాకేం ఫికర్ లేదు" అన్నాడు కిరాణం కొట్లో కూర్చున్న మా బావ. ఫికర్ అంతా నాకే మిగిలింది.

బండి షాద్‌నగర్ దాటేలోపే అది తెలిసింది. అక్క కిటికీ పక్కన కూర్చుంది. బొగ్గు ఇంజిన్, కండ్లలో నుసి. నేను ఆమెకు పాతబస్తీ పుట్టుక చెప్పడం మొదలుపెట్టాను. మామూలుగా చెప్తే వినపడదు. చెవి దగ్గర చెప్పాలంటే ఇంజిన్ చప్పుడు. గొంతు ఎత్తి చెప్తున్నాను. ఎదురుగా బుట్టలో కోళ్లు పెట్టుకొని కూర్చున్న ముసలాయన నన్నే చూస్తున్నాడు.

"ఏంది పటేలా, పొద్దుపొద్దుగాల ఆడిమనిషి మీద గట్ల ఒర్రుతున్నవు? ఇంట్ల లొల్లి ఇంట్ల వెట్టుకోవాలె."

"లొల్లి కాదు తాతా, చార్మినార్ గురించి చెప్తున్న. ఆమెకు ఇనబడదు."

"చార్మినార్ గురించి ఒర్రుడు ఎందుకు? ఆడ్నే ఉన్నది గద, వోతే కనవడ్తది."

అక్కకు వినపడనప్పుడు ఒక అలవాటు ఉంది. నవ్వి తల ఊపుతుంది. ముసలాయన వైపు చూసి నవ్వి తల ఊపింది. ఆయనకు పూర్తిగా నమ్మకం కుదిరింది, నేను దుర్మార్గుణ్ని అని.

పది గంటలకు ఉప్పుగూడలో దిగాం. పాతబస్తీకి పోయేవాళ్లు కాచిగూడ దాకా పోనక్కర లేదు, ఉప్పుగూడలో దిగితే రిక్షా చవక. శాలిబండలో ఒక లాడ్జి చూసుకున్నాం. కింద పండ్ల బండ్లు, మీద రెండు అంతస్తులు. గదులు శుభ్రమే, నీళ్లు మాత్రం పొద్దున ఒక్కపూటే. పుస్తకం తెరిచి మేనేజరు అడిగాడు:

"మియా బీవీ?"

నేను నోరు తెరిచే లోపల అక్క నవ్వి తల ఊపింది.

"కాదు కాదు! అక్కా తమ్ముళ్లం!" అన్నాను.

"ఆమె అవునంటుంది, నువ్వు కాదంటున్నవు" అన్నాడు మేనేజరు కలం పక్కన పెట్టి.

"ఆమెకు ఇనబడదు భాయ్!" అని, అక్క వైపు తిరిగి, "అక్కా! మనం ఒగళ్లకొగళ్లం ఏమైతమో అడుగుతున్నడు!" అని అరిచాను. మెట్ల మీద పోయేవాళ్లు ఆగారు. అక్క అటూ ఇటూ చూసి, "అయ్యో, మా తమ్ముడు గాదా? ముక్కు జూడు, మా బాపు ముక్కే" అన్నది. మేనేజరు నా ముక్కు, ఆమె ముక్కు చూశాడు. చూసి, ఎందుకైనా మంచిదని రెండు గదులు ఇచ్చాడు.

అక్క స్నేహితురాలి ఇల్లు వెతకడానికి మధ్యాహ్నం చాలని నా లెక్క. అందాకా మ్యూజియం చూద్దామని బస్సులో నది ఒడ్డుకు పోయాం. గేటు మూసి ఉంది. కాపలా మనిషి స్టూల్ మీద కూర్చొని గోళ్లు తీసుకుంటున్నాడు.

"జుమ్మా హై. శుక్రవారం బంద్."

"పుస్తకంలో అట్ల లేదే" అన్నాను.

"పుస్తకం తెరిచే ఉంటదన్నా. తలుపులు బంద్ ఉంటయి."

ఆ లావు పుస్తకంలో ఆ మ్యూజియంలోని పాలరాతి బొమ్మ ముసుగు మడతల గురించి రెండు పేజీలు రాశారు. శుక్రవారం సెలవు అన్న ఒక్క ముక్క రాయలేదు. ఆ రచయిత ఎప్పుడూ శుక్రవారం రాలేదు కాబోలు. చార్మినార్ దగ్గరికి తిరిగి వస్తే అక్కడా సగం దుకాణాల షట్టర్లు దించి ఉన్నాయి. "శుక్రవారం మంచి రోజని నువ్వే గదక్కా బయలుదేరదీసినవు!" అన్నాను. పక్కన చీరలు మడత పెడుతున్నతను తల ఎత్తి, "పాపం, ఎందుకు సాబ్ అంత గుస్సా?" అన్నాడు. జనం నన్ను అనుమానంగా చూడడం ఒక్క పూటలో ఇది మూడోసారి.

చార్మినార్ ఎదుట నిలబడి ఎప్పటి నుంచో దాచుకున్నవన్నీ అక్కకు చెప్పాలనుకున్నాను. ఆమె దాన్ని కింది నుంచి మీది దాకా ఒకసారి చూసి, "గట్లనే ఉన్నది. పా, మొఘల్‌పురకు పోదాం" అన్నది. అంతే. నాలుగు మినార్లకు నాలుగు క్షణాలు.

మొఘల్‌పురా పెద్ద దూరం కాదు, నడిచే పోయాం. అక్క నాకన్నా ముందు నడుస్తోంది. సోడా కార్ఖానా స్థలంలో మూడంతస్తుల ఇల్లు లేచింది. మా ఇల్లు ఉన్నచోట సైకిళ్ల దుకాణం. వరఖ్ కొట్టే చోటు ఏదో తెలియలేదు, సుత్తె చప్పుడు ఎక్కడా లేదు. ఆ సంగతి అక్కకు చెప్పలేదు. తనకే వినపడడం లేదనుకుంది. గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది.

"చాంద్ వాళ్ల నాయన పేరేందక్కా?"

"అబ్బా."

"అబ్బా అంటే నాయననే. పేరు?"

"ఏమో తమ్మీ, అందరం అబ్బా అనే పిలిచేటోళ్లం. వాళ్ల అమ్మను అమ్మీ అనేటోళ్లం."

పాతికేండ్ల తర్వాత ఒక మనిషిని వెతుక్కుంటూ వచ్చి, చేతిలో ఉన్నది ఒక్క పేరు, అదీ ఆడమనిషి పేరు. నాకు ఒళ్లు మండింది. అయినా మూలన చాయ్ హోటల్ ముందు నలుగురు కూర్చొని ఉంటే పోయి గొంతెత్తి అడిగాను, "భాయ్, ఇక్కడ చాంద్ బీ ఇల్లెక్కడ?"

అక్కతో అరిచి అరిచి నా గొంతు అప్పటికే పెద్దదైపోయింది. గల్లీ మొత్తానికి వినపడింది. నలుగురూ చాయ్ కప్పులు దించారు. తెల్ల గడ్డం పెద్దాయన లేచి నా దగ్గరికి వచ్చాడు.

"మియా, ఏ ఊరు మీది?"

"జడ్చర్ల."

"మీ ఊర్ల ఇంటి ఆడోళ్ల పేరు బజార్ల నిలవడి పిలుస్తరా? ఔరత్ కా నామ్ గలీ మే నై లేతే. ఎవరి బిడ్డ, ఎవరి బీవీ, ఎవరి అమ్మా, గట్ల అడగాలె."

"అదే తెల్వదు చాచా. వరఖ్ కొట్టేటాయన బిడ్డ."

"వరఖ్ కొట్టేటోళ్లు ఈ గల్లీల పది ఇండ్లుండె. ఇప్పుడు ఒక్కటి లేదు." ఆయన గొంతు కొంచెం తగ్గింది. "నమాజ్‌కు టైమయింది. తర్వాత చూద్దాం."

మరుక్షణం గల్లీ ఖాళీ. ఉన్న మగవాళ్లంతా మసీదుకు పోయారు. అన్ని తలుపులకు గోనెగుడ్డ పరదాలు వేలాడుతున్నాయి. వాటి వెనక గిన్నెల చప్పుడు, పిల్లల ఏడుపు, ఎవరో దగ్గడం. అడిగితే చెప్పగలిగిన వాళ్లంతా ఆ పరదాల వెనకే ఉన్నారు. అక్కడ నేను కాలు పెట్టకూడదు. అక్క పెట్టవచ్చు, ఏ ఇంట్లోకైనా పోవచ్చు. కాని పోయి అడిగితే వాళ్లు చెప్పేది ఆమెకు వినపడదు. వినగలిగేవాడు లోపలికి పోరాదు, పోగలిగేది వినలేదు. ఇంతకన్నా పనికిరాని జోడీ ఆ గల్లీకి ఎన్నడూ వచ్చి ఉండదు.

అక్క అంత ఆలోచించలేదు. "నువ్వు ఈడ్నే నిలవడు. నేను అడుగుత, నువ్వు ఇను" అని మొదటి పరదా ఎత్తి లోపలికి పోయింది.

నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. లోపల అక్క గొంతు, ఆమెకు తన గొంతు కొలత తెలియదు కాబట్టి, మైకులాగ వినపడింది. చిన్నప్పటి దక్కనీ ఉర్దూ అంతా ఊడిపడింది: "చాంద్ కా ఘర్ కిదర్ అమ్మా? మై అన్సూ! సోడావాలే కీ బేటీ!" లోపలి ఆడమనిషి ఏదో అన్నది. నాకు వినపడింది, తెలియదంటోంది. నేను బయటి నుంచి అరిచాను, "తెల్వదంటున్నది అక్కా!" లోపల ఒక్కసారిగా నవ్వులు. "బాహర్ కౌన్ హై? రేడియోనా?" అన్నది ఎవరో చిన్నది.

రెండో ఇంటికి తాళం. మూడో ఇంట్లో వాళ్లకు ముందే మా సంగతి తెలిసిపోయింది. గోడల మీదుగా మాట పరుగెత్తింది. పరదా దగ్గరికే వచ్చి నాకు వినపడేలా చెప్పసాగారు. అయిదో ఇంట్లో ఒక ముసలామె గొంతు మెల్లగా, ఒక్కొక్క ముక్క ఆపి ఆపి చెప్పింది:

"వరఖ్‌వాలే కీ చాంద్? ఆమె షాదీ అయి పురానాపూల్ వోయింది బేటా. బర్రెల కొట్టం బాజూల. వెల్డింగ్ యూసుఫ్ కీ అమ్మా అని అడుగు. పేరు నక్కో లో, ఆమె పేరు తియ్యకు."

"అక్కా! పురానాపూల్! బర్రెల కొట్టం! వెల్డింగ్ యూసుఫ్ వాళ్ల అమ్మ!" అని అరిచాను. గొంతు చీలింది. లోపల చప్పట్లు కొట్టారు. అక్క బయటికి వచ్చింది, చేతిలో ఎవరో పెట్టిన తమలపాకులు, కండ్ల నిండా నీళ్లు.

"సచ్చిపోయిందేమో అనుకున్న తమ్మీ" అన్నది. అప్పటిదాకా ఆ మాట నాతో అనలేదు.

ఆ పూటే పోదామన్నది. కాని పొద్దటి నుంచి తిండి లేదు, ఎండకు ఆమెకు కండ్లు తిరుగుతున్నాయి. పత్తర్‌గట్టీ దగ్గర పూరీలు తిని లాడ్జికి తిరిగి వచ్చాం. సాయంత్రం మక్కా మసీదు చూపిస్తానంటే, "నువ్వు పో, నేను చాంద్ కాడికి పొయ్యేటప్పుడు కట్టుకునే చీర ఉతుక్కుంట" అన్నది. నీళ్లు పొద్దున ఒక్కపూటే వస్తాయని ఎవరికి గుర్తుంది? బకెట్ కోసం నేను కింద పండ్ల బండి అతన్ని బతిమాలుకున్నాను. మసీదు వైపు నేను పోనే లేదు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి రిక్షా మాట్లాడుకొని పురానాపూల్ బయలుదేరాం. దారిలో రిక్షా అతను, "ఈ పూల్ చార్మినార్ కట్టినంక కట్టిండ్రు సాబ్" అన్నాడు.

"తప్పు. ముందు వంతెన, తర్వాత ఊరు. చార్మినార్ లేనప్పుడే ఈ వంతెన ఉంది" అన్నాను.

అతను తొక్కడం ఆపకుండానే, "మీరు అప్పుడు ఈడ ఉన్నరా సాబ్?" అన్నాడు. అక్క నవ్వి తల ఊపింది. వంతెన మీద దిగి కమానులు లెక్కపెట్టాలని ఎన్నాళ్ల కోరిక! "దిగుడెందుకు? చాంద్ ఇల్లు ఆ దిక్కు" అని అక్క రిక్షాను గల్లీలోకి తిప్పించింది. కమానుల్లో రెండు మాత్రం కనిపించాయి. వాటి కింద బర్రెలు పడుకొని ఉన్నాయి.

బర్రెల కొట్టం వాసనే దారి చూపించింది. కొట్టం యజమాని మన తెలుగాయనే, ఉత్త బనీనుతో పాలు పిండుతున్నాడు. "యూసుఫ్ వాళ్ల అమ్మనా? ఆ పచ్చ పరదా" అన్నాడు. ఈసారి అడిగే తీరు తప్పలేదు, అది మొఘల్‌పురా పుణ్యం.

అక్క పరదా ముందు ఆగింది. మొదటిసారి జంకింది. చీర కొంగు సర్దుకుంది. "నన్ను గుర్తువడ్తదా?" అన్నది. నేను చెప్పే లోపలే తనే పరదా ఎత్తి లోపలికి పోయింది. ఏదో గిన్నె కింద పడింది. తర్వాత అక్క గొంతు ఒక్కటే, "చాంద్! చాంద్! ఓ చాంద్!" అని ఏడుస్తూ, నవ్వుతూ.

నాకు బయట బల్ల వేశారు. యూసుఫ్ వెల్డింగ్ దుకాణం మూసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పాతిక లోపు వయసు, చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు. చాయ్ తెప్పించాడు. ఇంట్లో కొత్త కోడండ్లున్నారు, కాబట్టి నేను బయటే. తొమ్మిదైంది, పదైంది. ఎండ గోడ దిగి నా మోకాళ్ల మీదికి వచ్చింది. ఈ పాటికి మ్యూజియంలో పాలరాతి బొమ్మ ముందు ఉండాల్సిన వాణ్ని, బర్రెల కొట్టం ముందు ఈగలు తోలుకుంటున్నాను.

అప్పుడు లోపల ఢోలక్ మోగింది. సరే, దేనికోసం వచ్చామో అది మొదలైందని చెవి పెట్టాను. వియ్యపురాలు లావై పల్లకిలో పట్టక ఎడ్లబండి ఎక్కితే బండి ఇరుసు విరిగిందన్న పాట. పాడుతున్నది మా అక్క. ఒక చరణం అయింది, రెండు అయినాయి. ఎంతసేపటికీ మా అక్క గొంతే. శ్రుతి ఒకచోట, పాట ఒకచోట. చాంద్ గొంతు ఎక్కడా లేదు.

నాకు కోపం ఆగలేదు. "ఏం భాయ్, మీ అమ్మ పాట ఇననీకి రెండు రోజుల సంది తిరుగుతున్నం. మా అక్క పాట ఇననీకయితే జడ్చర్లలనే ఇంటుంటిమి గద!"

యూసుఫ్ చాయ్ కప్పు కింద పెట్టాడు.

"అమ్మీకి గొంతు పోయింది అన్నా. రెండేండ్ల కింద గొంతుల గడ్డ తీసిండ్రు. గాలి తప్ప ఏం రాదు. దగ్గరికి వోయి ఇంటేనే మాట తెలుస్తది."

నేను పరదా వైపు చూశాను.

"మీ అక్క చెవుల సంగతి మా గల్లీ అంత నిన్ననే తెలిసింది. మొఘల్‌పుర నుంచి మాట వచ్చింది. రాత్రి అమ్మీ నిద్ర పోలే. పొద్దున నాతోని అన్నది, అన్సూకు నా గొంతు సంగతి చెప్పొద్దు, ఎవ్వరు గూడ చెప్పొద్దు అని." నా చేతి మీద చెయ్యి వేశాడు. "మీరు గూడ అన్నా."

ఢోలక్ ఆగింది. లోపల గుసగుస వంటిది ఏదో. ఒక చిన్న కోడలు పరదా వెనక నుంచి గట్టిగా చెప్పింది: "తమ్ముణ్ని లోపలికి రమ్మంటున్నది అమ్మీ! నా ఒడ్ల ఉచ్చ వోసిన పోరనికి పరదా ఏంది అంటున్నది!" కోడండ్లు వెనక గదిలోకి పోయిన చప్పుడు, గాజులు, నవ్వులు. బర్రెల కొట్టం ఆయన కూడా నవ్వాడు.

లోపలికి పోయాను. చాప మీద మా అక్క, ఎదురుగా చాంద్. బక్కపలచని మనిషి, తెల్ల దుపట్టా మెడ చుట్టూ బిగించి కట్టుకుంది. నన్ను చూసి నోరు విప్పింది. ఏదో అన్నది. నాకు ఊపిరి చప్పుడు తప్ప వినపడలేదు. అయినా అక్క ఠక్కున, "ఇన్నవా? ముక్కు బాపుదే అంటున్నది!" అన్నది. అక్కకు ఇప్పుడు లోకంలో అందరి గొంతులూ గుసగుసలే. అందులో చాంద్ గుసగుస కొత్తగా ఏమీ తోచలేదు.

మా భోజనం కొట్టం ఆయన ఇంటి నుంచి వచ్చింది, పూరీలు, ఆలుగడ్డ, అన్నం, పెరుగు. హిందువుల ఇంటి చుట్టానికి హిందువుల ఇంటి వంటే పెట్టాలని వాళ్ల అమ్మ కాలం నుంచి పద్ధతి. అక్కకు కోపం వచ్చింది. "చిన్నప్పుడు మీ ఇంట్ల దొంగతనంగ తిన్నది మర్చిపోయినవా? ఇప్పుడు మా ఆయన చూస్తున్నడా?" అని వాళ్ల గిన్నెలోని ఖట్టీ దాల్ తీసి అన్నంలో పోసుకుంది. నాకూ పోసింది. చింతపండు పులుపు బాగా తగిలింది.

తర్వాత చాంద్ మళ్లీ ఢోలక్ ఒళ్లో పెట్టుకుంది. అక్క అరచెయ్యి ఢోలక్ చెక్క మీద ఆనించి, చాంద్ నోటి వైపే చూస్తూ కూర్చుంది. చాంద్ మొదలుపెట్టింది. మెడ నరాలు లేచాయి, నోరు పూర్తిగా తెరుచుకుంది, ప్రతి మాటకూ పెదవులు ఒక్కటీ వదలకుండా తిరిగాయి. కనుబొమ్మలు వియ్యపురాలిని వెక్కిరించాయి. శబ్దం లేదు. ఆ పెదవులను పట్టుకొని అక్క పాడింది. చాంద్ ఎక్కడ సాగదీస్తే అక్కడ సాగదీసింది, ఎక్కడ ఆగితే అక్కడ ఆగింది. గోడకు ఆనుకొని యూసుఫ్, గడప పక్కన నేను, ఇద్దరం ఆ పెదవులనే చూస్తున్నాం. ఎన్ని పాటలు అయినాయో తెలియదు.

మూడింటికి నేనే లేవదీశాను, లేకుంటే బండి పోయేది. పరదా దాకా వచ్చి చాంద్ అక్క రెండు చెవుల మీద రెండు చేతులు పెట్టి నుదుటి మీద ముద్దు పెట్టింది. యూసుఫ్ ఉప్పుగూడ దాకా వచ్చి సీటు దొరికేవరకు ఉన్నాడు.

ఇక నా వెనక వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది. చార్మినార్ కింది నుంచి చూశాను. మ్యూజియం గేటు చూశాను. మక్కా మసీదు లాడ్జి కిటికీలో నుంచి ఒక మూల కనిపించింది. పురానాపూల్‌కు కమానులు రెండు. మిగతావి పుస్తకాల్లో ఉన్నాయి, చదువుకోండి. పాతబస్తీలో ఎవరి ఇల్లయినా వెతకాల్సి వస్తే ఆడవాళ్ల పేరు పట్టుకొని పోకండి. తోడుగా ఆడమనిషి ఉంటే ఆమెను లోపలికి పంపించండి, మీరు గోడ వైపు తిరిగి చెవి పెట్టండి.

ఫలక్‌నుమా దాటింది. పెట్టె కిటకిటలాడుతోంది. అక్క, చాంద్ కట్టి ఇచ్చిన టిఫిన్ గిన్నె ఒళ్లో పెట్టుకొని మూత మీద వేళ్లతో తాళం వేస్తోంది. కాసేపటికి నా వైపు తిరిగింది.

"చాంద్ గొంతు గప్పటి లెక్కనే ఉన్నది గద తమ్మీ? నాకు ఒక్క ముక్క పొల్లువోకుంట ఇనబడ్డది. నువ్వు గూడ ఇన్నవు గద?"

ఆమె నా పెదవుల వైపే చూస్తోంది.

"గప్పటి లెక్కనే ఉన్నదక్కా!" అన్నాను.

ఇంజిన్ చప్పుడులో అంత గట్టిగా అన్నానని నాకే తెలియలేదు. పెట్టెలో అందరూ తిరిగి చూశారు. పక్క సీటు ఆయన పేపర్ దించి, "ఏందన్నా, ఆడిమనిషితోని మెల్లగ చెప్తే కాదా?" అన్నాడు.

అక్క ఈసారి నవ్వి తల ఊపలేదు.

"ఇనబడ్డది లేరా, ఎందుకు ఒర్రుతవు?" అని కిటికీ వైపు తిరిగి, గిన్నె మూత మీద మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.